రంగులు తప్పిన విమానం

“మీరు చెప్పిన చోటికి మధ్యాహ్నమే హెలికాప్టర్ పంపిస్తాం. అది మీ నాన్నగారి విమానమేనని నమ్మకమేనా?” ఫోన్‌లో గాలింపు అధికారి అడిగాడు.

కూతురు మళ్లీ తెర వైపు చూసింది. కంప్యూటర్ తెరమీద, ఉపగ్రహం తీసిన ఫొటోలో, దట్టమైన అడవి మధ్య తెల్లటి చిన్న విమానం. నాన్న అలాంటిదే నడుపుతూ ఆ అడవి మీద మాయమై నాలుగేళ్లు.

“ఒక్క నిమిషం ఉండండి,” అంది.

వెనక నుంచి అమ్మ వంగి చూసింది. ‘ఇక ఆ వెతుకులాట మానవే’ అని రోజూ ప్రాణం తీసే అమ్మ.

“వద్దని చెప్పు. అది ఎగురుతోంది.”

“నీకేం తెలుసమ్మా?”

“రెక్క అంచు చూడు. ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం. ముప్పై ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో చేశాను. ఒక రంగు పడ్డాక కాగితం కదిలితే రెండో రంగు ఇలాగే పక్కకి పోతుంది. చెట్లకి ఆ అంచు లేదు. అంటే కదిలింది విమానమే.”

కూతురు బొమ్మని పెద్దది చేసి చూసింది. నిజమే. ప్రాణం ఉసూరుమంది.

“హెలికాప్టర్ వద్దండి. పొరపాటు పడ్డాను,” అని ఫోన్ పెట్టేసింది. అప్పుడు తట్టింది.

“ఉపగ్రహం కూడా ఒక్కో రంగూ విడివిడిగా తీస్తుందని నీకెవరు చెప్పారు?”

అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఇలాంటిది మొదటిసారి నాకు దొరికినప్పుడు, రంగులెందుకు తప్పాయా అని కూర్చుని చదివాను. నాకిది పన్నెండోది.”

 కూతురు పక్కనున్న కుర్చీ దగ్గరికి లాగింది.

“కూర్చో. ఇంకా ఏ పక్క చూడలేదో చెప్పు.”