పది లెక్కపెట్టేదాకా

“ఎర్ర పువ్వు ఏది?” అని టీచరు అడిగింది.

గువ్వ చూపించలేదు. మూడు సెకన్లు చూసి, టీచరు పుస్తకంలో తప్పు గుర్తు పెట్టేసింది.

“పది లెక్కపెట్టి చూడమ్మా” అని వెనక బల్ల మీంచి వినిపించింది.

ఆ మాట అన్నది గువ్వను రోజూ బడికి తీసుకొచ్చే మామ్మ. పిల్ల కుదురుకునేదాకా వెనక కూర్చోవడం ఆవిడ అలవాటు.

టీచరు వినిపించుకోలేదు. ఆమె పక్క పిల్లవాడి దగ్గరికి వెళ్లాక గువ్వ చెయ్యి మెల్లగా లేచింది. వణుకుతూ వెళ్లి ఎర్ర పువ్వు మీద ఆగింది. చూసింది మామ్మ ఒక్కతే.

గువ్వకు నాలుగేళ్లు. మాట రాదు, చేతులు ఆలస్యంగా కదులుతాయి, చెవులు మాత్రం పాము చెవులు.

ఆ ఏడే ఆ బడిలో అన్ని రకాల పిల్లలకూ కలిపి ఒకే తరగతి పెట్టారు. నాలుగేళ్ల వాళ్లకు ఏమేం తెలియాలో నలభై అంశాలున్న పుస్తకం ఒకటి టీచరు చేతికిచ్చారు. టర్ము ఆఖరుకి సగమైనా రాని పిల్లలను ఊరవతల వేరే కేంద్రానికి పంపేస్తారు. గువ్వకు వచ్చినవి పదకొండు.

టీచరు చెడ్డ మనిషేం కాదు. పంక్తిలో వలపక్షం కూడదనే రకం. అందరికీ ఒకే ప్రశ్న, అందరికీ మూడే సెకన్లు. న్యాయమంటే అదేనని నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

పుస్తకం అట్ట లోపల చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది. బిడ్డ తనకు వీలైన తీరులో, తనకు పట్టినంత సేపు తీసుకుని తెలియజేయవచ్చు అని. చిన్న అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంది?

ఆ సాయంత్రం టీచరు మామ్మను పక్కకు పిలిచింది. మనవరాలి మీద ప్రేమ ఉండొచ్చుగానీ, తరగతిలో జోక్యం చేసుకుంటే మిగతా పిల్లలు పాడవుతారని చెప్పింది. ఈ పనికి తాను చదువుకుని వచ్చానని కూడా అంది.

మామ్మకు కోపం రాలేదు.

“నేనూ తొందర మనిషినేనమ్మా ఒకప్పుడు” అని మాత్రం అంది.

మర్నాటినుంచి ఆవిడ వరండాలో, చెప్పుల అర పక్కన కూర్చుంది. బూట్లు వేసుకోవడానికి పిల్లలు బయటికొస్తే ఎవర్నో ఒకర్ని ఏదో ఒకటి అడిగేది. అడిగి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచేది. మిగతా పిల్లలు గట్టిగా అంకెలు లెక్కపెట్టేవాళ్లు.

ముసలావిడకు పొద్దుపోవడం లేదు కాబోలనుకుంది టీచరు.

కొన్నాళ్లకు మామ్మ రావడం మానేసింది. గువ్వను వాళ్లమ్మ దిగబెట్టి వెళ్లసాగింది. ఏమడిగినా తలాడించి వెళ్లిపోయేది, నోరు విప్పేది కాదు. తలబిరుసు మనిషి అనుకుంది టీచరు. మామ్మ ఏమైందని అడగలేదు. పీడ విరగడైందని లోపల హాయిగానే ఉంది.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది.

“వీటిలో గుండ్రంగా ఉన్నదేది, గువ్వా?”

మూడు సెకన్లయ్యాయి. టీచరు పెన్సిల్ ఎత్తింది.

“ఒకటి” అన్నాడు పక్కనున్న పిల్లవాడు బొండాం, బొటనవేలు ముడుస్తూ.

“రెండు” అన్నారు ఇంకో ఇద్దరు. మూడుకి తరగతంతా కలిసింది. టీచరు కసిరేలోపే అంకె ఎనిమిదికి వచ్చింది, గువ్వ వేలు పళ్లెం బొమ్మ మీద ఆగింది.

గుడ్డి దెబ్బ అనుకుని టీచరు ఇంకోటి అడిగింది. ఈసారి ఆరుకే జవాబు వచ్చింది.

ఆమె పుస్తకం మొదటి పేజీకి తిప్పి అన్నీ మళ్లీ అడిగింది. భోజనాల వేళకు గువ్వకు ఇరవై ఏడు వచ్చాయి.

అంతటితో అయిపోలేదు. బొండాం కాళ్లకూ చేతులకూ మాటకూ ఏ లోటూ లేదు. అయినా వాణ్ణి టీచరు మట్టిబుర్రల్లో జమకట్టేసింది. పదిదాకా ఆగితే వాడూ అడిగినవన్నీ చెప్పాడు. వాడి పేరు మీద తాను పెట్టిన తప్పు గుర్తులు చూసుకుని ఆమె సిగ్గుపడింది.

సాయంత్రం టీచరు గువ్వ వాళ్లింటికి వెళ్లింది. మేడ మీద ఒకే గది. వాళ్లమ్మ కిటికీ దగ్గర మిషను కుడుతోంది.

గువ్వను ఎక్కడికీ పంపడం లేదని చెప్పింది టీచరు. ఒక్కసారి మామ్మగారిని పిలవమంది. కాళ్లు పట్టుకునైనా సరే క్షమించమని అడగాలంది.

మిషను ఆగింది.

“మా... మామ్మగారు పోయారండీ. పది రోజులైంది.”

ఆమె గొంతు టీచరు వినడం అదే మొదలు. ఒక్కో మాటా గొంతులో అడ్డం పడి, పెనుగులాడి బయటికొస్తోంది. ఇన్నాళ్లూ తలబిరుసు అనుకున్నది నత్తి.

టీచరు ఏడ్చేసింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆవిడ మీ అమ్మగారా, అత్తగారా అని అడిగింది.

“ఏమీ కారు. రెండేళ్ల కిందట మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.”

“ఎందుకని?”

గువ్వ వాళ్లమ్మ చాలాసేపు మాట కోసం తంటాలు పడింది. టీచరు తొందరపెట్టలేదు.

“నాకు నాలుగేళ్లప్పుడు, పేరు అడిగితే చెప్పలేదని నన్ను మీ బడిలోంచి పంపేసిన టీచరు ఆవిడేనండీ.”