పేరు లేని బటన్లు

లిల్లీకి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే. తను చదువు మానేసిన ఏడో తరగతిలోనే కూతురు సుహాసిని కూడా ఆగిపోతుందేమోనని. ఆ సంగతి ఇవాళ సాయంత్రం ఐదింటికి తేలిపోతుంది.

పలాసలో ఈశ్వర్ నడిపే నెట్ సెంటర్. అప్పటికే మూడున్నర. పుట్టుకతోనే చూపు లేని సుహాసిని హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏడో తరగతి పాఠాలన్నీ ఇక్కడే, ఇంటర్నెట్‌లోనే వింది. పరీక్ష కూడా అందులోనే. ప్రశ్న విని, జవాబు ఎంచుకుని, పక్కవాళ్ల సాయం లేకుండా ఐదు లోపల పంపాలి. పంపకపోతే తప్పినట్టే. తప్పినవాళ్లు ఏడాదంతా మొదటి పాఠం నుంచి మళ్లీ వినాలి.

"జవాబులన్నీ వచ్చమ్మా. ఏ బటను నొక్కాలో తెలీడం నేదు," అంది సుహాసిని.

"కంప్యూటర్ సెప్పదేటి?"

"సెప్తంది. ఆరు బటన్లున్నాయి, ప్రశ్న మారితే ఆటి సోట్లూ మారిపోతన్నాయి. దేని మీదికెల్లినా 'బటన్' అనే అంటంది. మన పేటలో నలుగురు ఢిల్లీరావులున్నా బస్సు ఢిల్లీ, కొబ్బరికాయల ఢిల్లీ అనీసి పిలుత్తారు కదా. ఈటికి ఆపాటి పేరు కూడా నేదు."

అంటూనే ఒకటి నొక్కింది. పదకొండో ప్రశ్నలో ఉన్న పరీక్ష మళ్లీ మొదటికి పోయింది. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి.

పక్కన నిలబడి చూస్తున్న కామేశ్వరరావు తల అడ్డంగా ఊపాడు. ఆ పాఠాల సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ మనిషి. పరీక్ష ఎలా జరుగుతుందో చూడ్డానికి విశాఖపట్నం నుంచి పొద్దున్న రైల్లో దిగాడు.

"సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదమ్మా. ఒక్కో బటన్ మీద ఒక్కో బొమ్మ ఉంది. చంటిపిల్లాడు కూడా గుర్తుపడతాడు."

"దానికి బొమ్మ అగుపడదు కదా బాబూ."

"అందుకేగా గొంతు పెట్టాం. చెవులుంటే చాలు, కళ్లతో పనే లేదు. పాపకి ప్రాక్టీస్ తక్కువ." చేతిలోని కాగితం మీద 'రాయలేకపోయింది' అని రాయడానికి పెన్ను మూత తీశాడు.

లిల్లీకి ఆఫీసు మనుషులంటే భయమే. నోరు మాత్రం ఊరుకోలేదు. "కళ్లతో పని నేదన్నారు కదా. తవరొకపాలి కళ్లు మూసుకుని సేసి సూపించండి బాబూ. మేవూ నేర్సుకుంటాం."

ఈశ్వర్ నవ్వు బిగబట్టి, భుజం మీది తువ్వాలు తీసిచ్చాడు. "ఉతికిందే సార్."

కాదంటే పరువు పోతుంది. కామేశ్వరరావు కళ్లకు తువ్వాలు కట్టుకుని సుహాసిని కుర్చీలోనే కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. "బటన్" అంది గొంతు. నొక్కాడు. ప్రశ్న ఒడియాలోకి మారిపోయింది.

"ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లిపోయినట్టున్నారు సార్," అన్నాడు ఈశ్వర్.

"బటన్" అంది గొంతు మళ్లీ. ఇంకోటి నొక్కాడు. కంప్యూటర్ టింగుమంది.

తువ్వాలు పైకి జరిపి చూశాడు. తెర మీద ఇలా ఉంది: 'మీ పరీక్ష మాకు అందింది. మార్కులు సున్నా.' ఆ పైన, విద్యార్థి పేరు దగ్గర, సుహాసిని.

ఈశ్వర్ అది పైకి చదివాడు. లిల్లీ కుర్చీ దగ్గరికొచ్చింది. "అంటే, నా పిల్ల తప్పిపోనాదా బాబూ?"

కామేశ్వరరావు తువ్వాలు విప్పేశాడు. సెల్ తీసి ఆఫీసుకు ఫోన్ చేశాడు. "అవును, సున్నా... పాప కాదు, నేనే... కళ్లకి తువ్వాలు కట్టుకుని... ఎందుకేమిటండీ, బటన్లకి పేర్లు లేవు కాబట్టి."

చాలాసేపు అటువాళ్లే మాట్లాడారు. ఆఖరికి లిల్లీ వైపు తిరిగాడు.

"పంపిన పరీక్షని చెరిపే వీలు లేదమ్మా. పేరు మార్చొచ్చు. రాసింది నేనే కాబట్టి నా పేరు పెట్టేయమన్నాను. పాపకి కొత్తగా తెరుస్తారు. బటన్లకి కూడా ఇప్పుడే పేర్లు పెడతారట. ఏం పెట్టమంటారు?"

తనని అడుగుతున్నాడని లిల్లీకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"మా జీడిపప్పు ఫేక్ట్రీలో ఇరగని పప్పుకి గుండనీ, రెండుగా ఇడినదానికి బద్దనీ డబ్బా మీద రాత్తాం. అన్నిటి మీదా 'డబ్బా' అని రాయం కదా బాబూ. ఏది ఏ పని సేత్తదో అదే దాని పేరు."

"ముందు ప్రశ్న. తరవాత ప్రశ్న. మళ్లీ విను. మొదటికి. భాష మార్చు," అని వేళ్లు మడుస్తూ చెప్పింది సుహాసిని. "ఆఖర్ది, జవాబులు పంపు. దాన్ని నొక్కితే నిజంగా పంపమంటావా అని ఒకపాలి అడగాల. నేకపోతే సార్‌కైనట్టే అవుద్ది."

కామేశ్వరరావు ఒక్క మాట వదలకుండా ఫోన్‌లో అప్పజెప్పాడు.

నాలుగూ పదికి ఈశ్వర్ పేజీ మళ్లీ తెరిచాడు. ఈసారి గొంతు ఒక్కో బటన్‌నీ పేరు పెట్టి పిలిచింది. సుహాసిని వేళ్లు ఎక్కడా తడబడలేదు. ఐదుకు ఇంకా ఎనిమిది నిమిషాలుండగా టింగుమంది.

"అమ్మా, ఇరవైకి పద్దెనిమిది. ఎనిమిదో తరగతిలోకి ఎల్లమంది."

"ఆ రెండూ ఏటయ్యాయే?" అంది లిల్లీ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

కామేశ్వరరావు చప్పట్లు కొట్టి, అందరికీ టీ తాగించి, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆఫీసులో ఆయన కంప్యూటర్ తెరిచి తన పేరు కొట్టగానే ఏడో తరగతి మొదటి పాఠం మొదలైందట, ఏం నొక్కినా ఆగడం లేదట. మీలో ఎవరైనా విశాఖపట్నం వైపు వెళ్తే, పాపం, ఎన్నో పాఠం దాకా వచ్చారో కాస్త కనుక్కుని రండి.