మూడో గడియారం

"అత్తమ్మా, ఆ రెండూ మీరే ఉంచుకోన్రి. నాకు గిదొక్కటి చాలు," అంటూ బాలకిషన్ మూడో గడియారం మీద వేలు పెట్టాడు.

"అది తప్ప," అంది జయమ్మ.

ఆబిడ్స్‌లో ప్రహ్లాద్ గడియారాల దుకాణం అది. గాజుబల్ల మీద పరిచిన మెత్తని గుడ్డపై, చనిపోయిన వామన్‌రావు మురిపెంగా దాచుకున్న మూడు చేతి గడియారాలూ ఉన్నాయి. నాంపల్లి కోర్టులో గుమాస్తాగా పనిచేస్తూ, జుమ్మేరాత్ బజారు పాతసామాన్లలో ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నవి. ఒకటి ఉర్దూ అంకెలది. ఒకటి బంగారుపూతది. మూడోది తోలు బెల్టుది. ఆయన పోయేదాకా చేతికి ఉన్నది అదే.

మామ గుర్తుగా ఒకటి అల్లుడికి ఇస్తానని సంవత్సరీకం నాడు పదిమందిలో అనేసింది జయమ్మ. ఏది ఇవ్వాలన్నదే అప్పట్నుంచీ తెగడం లేదు. ఇవాళ ఇక్కడే తేల్చేద్దామని అత్తనూ, చంటిపిల్లాడితో సహా ఆమె కోడలు నళినినీ వెంటపెట్టుకొచ్చాడు బాలకిషన్.

"బంగారుది తీసుకోన్రి అల్లుడా. పెండ్లిళ్ళకు కట్టుకపోతే నలుగురు చూస్తరు."

"పూత ఎన్నాళ్ళుంటది? అయినా ఆ మూడోదాని మీద మీకు గంత ప్రేమ దేనికి?"

"మీ మామ ఊపిరున్నది అండ్ల. పెట్టెల పెట్టి తాళం వేస్త. గడియారానికి చావి గూడ తిప్ప. ఎప్పుడు తీసినా టిక్కుటిక్కుమంటనే ఉంటది."

ఈ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు బాలకిషన్ నవ్వాడు. "విన్నరా ప్రహ్లాద్ సాబ్? జర మా అత్తమ్మకు సమజ్ చేయున్రి."

ప్రహ్లాద్ ఇబ్బందిగా కదిలాడు. "ఇది ఆటోమేటిక్ అమ్మా. చెయ్యి ఊగుతుంటే అదే చావి. తీసి పక్కన పెడితే రెండోనాటికి ఆగిపోతది."

"మరి ఆగలేదు గదా! అంటే ఎవరో కట్టుకుంటున్నరు. పెట్టెకేమో తాళం, గడియారమేమో దయ్యం చేతికి!" బాలకిషన్ చూపు నళిని మీదికి తిరిగింది.

నళిని బాబును ఒళ్ళోకి లాక్కుంది. ఆ పెట్టె తాళంచెవి ఉన్న గుత్తి చంటివాడికి ఆటవస్తువు. పొద్దస్తమానం ఆమె పక్కనే పడి ఉంటుంది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. బాలకిషన్ నోరు ఎలాంటిదో కూడా తెలుసు. పోయిన నెల, భర్త పోయిన అత్త ఆకుపచ్చ అంచు చీర కట్టిందని బంధువులందరిలో గొడవ చేసినవాడు.

ఒళ్ళో బాబు పొద్దుటినుంచీ ఒకటే ఏడుపు.

"ఇటియ్యి వాణ్ణి," అంటూ జయమ్మ మనవణ్ణి అందుకుంది. భుజాల చుట్టూ కప్పుకున్న కొంగు మునివేళ్ళ దాకా లాక్కుని, ఎడమచేతి మీద పడుకోబెట్టింది. ఇంట్లోనైతే ఆ చేతిమీద తల ఆనగానే నిద్రపోతాడు. ఇవాళ అదే చేతికి చెవి ఆనించి, అటూ ఇటూ తల తిప్పి, ఇంకా గట్టిగా ఏడ్చాడు.

నళిని కొడుకునే చూస్తూ ఉండిపోయింది.

"బెల్టుకు ఈ కన్నం కొత్తది," అన్నాడు ప్రహ్లాద్ తనలో తను అనుకుంటున్నట్టు. "కాల్చిన సూదితోని పొడిచిన్రు. చాలా సన్నని చెయ్యి."

"ఇంకేం గావాలె!" బాలకిషన్ గాజుబల్ల చరిచాడు. "ఏం చెల్లె, ఏడో తరగతిల చదువు బందైనా సోకు బందు కాలేదా? మామ గడియారం పెట్టుకొని ఏ కచేరీకి పోతున్నవమ్మా?"

"దాన్ని అనకున్రి అల్లుడా," జయమ్మ అడ్డుపడింది. "ఆ గడియారం..."

"నేనే కట్టుకున్న," అంది నళిని.

బాలకిషన్ ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"ఏందీ?"

"ఔ అన్నా, నేనే. పిల్లగానికి పాలు పట్టే టైం చూడొద్దా? మందేసే టైం చూడొద్దా? అందుకే రోజూ కట్టుకుంట."

"దీన్ని దొంగతనం అంటరు! నీ మొగుడు కిషన్‌కు చెప్త."

"చెప్పున్రి. సాయంత్రం దాకా ఎందుకు, ఆయన పనిచేసే దఫ్తర్‌కే పోయి చెప్పున్రి. రేపు గూడ కట్టుకుంట, ఎల్లుండి గూడ కట్టుకుంట!"

ఆమె చెయ్యి విసిరింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఇరుగ్గా వేసుకున్న మట్టిగాజులు గలగలలాడాయి. ప్రహ్లాద్ ఆ గాజుల వంక చూశాడు. బెల్టు వంక చూశాడు. గాజుబల్ల తుడవడం మొదలుపెట్టాడు.

"ఛీ! ఆడదాని చెమట పట్టినది నేను కట్టుకోవాల్నా?" బాలకిషన్ బంగారుపూత గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. "నా పెండ్లాం అనసూయకు చెప్త, మీ వదిన ఎంత మొనగత్తెనో!"

"మంచిగ చెప్పున్రి," అంది నళిని అతని వీపుకేసి.

మిగిలిన రెండూ తీసుకొని అత్తాకోడళ్ళిద్దరూ బయటికొచ్చారు. నళిని మూడో గడియారాన్ని బాబు చెవి దగ్గర పెట్టింది. ఏడుపు ఠక్కున ఆగింది. కాసేపటికే వాడి కళ్ళు మూతలు పడ్డాయి.

"కిషన్ అడిగితే ఏం చెప్తవే పిల్లా?" అంది జయమ్మ.

"గిదే చెప్త. నువ్వు ఫికర్ చేయకు." బాబును భుజాన వేసుకొని రిక్షావాణ్ణి కేకేసింది నళిని. "మొజంజాహీ మార్కెట్ మీదికెల్లి నాంపల్లి పోనియ్యి."

రిక్షా ఎక్కబోతూ, పట్టు కోసం జయమ్మ ఎడమచెయ్యి పైకెత్తింది. కొంగు మోచేతి దాకా జారింది. రోడ్డవతల పాన్‌డబ్బా దగ్గర నిలబడి బాలకిషన్ ఇంకా ఇటే చూస్తున్నాడు.

నళిని గబుక్కున కొంగు లాగి, అత్త బోసి మణికట్టు మీది బెల్టు అచ్చును కప్పేసింది.