గురువారం బెంచీ

"పదకొండు నెలలాయె సారూ. గింత సతాయిస్తదా ఒక్క ఎముక?" అంది చిన్నమ్మ.

వనపర్తిలోని ఎముకల డాక్టరు నవ్వలేదు. ఆమె కాలి ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, విరిగిన చోట ఇంకా మిగిలిన సన్నని నల్లగీతను చూపించాడు. జ్వరం లేదు, చీము లేదు, పైన కుట్లు చక్కగా మానాయి. సూదితో లోపలి నీరు తీసి పరీక్షకు పంపితేగానీ సంగతి తెలియలేదు. లోపల వేసిన రాడ్డు మీద క్రిములు పొర కట్టుకొని దాక్కున్నాయి.

"రక్తంల కాపలా కణాలుంటయమ్మా. ఎముక ఇరిగితే ముందుగాల అవే ఉరికొస్తయి. చెత్త ఎత్తి, కొత్త ఎముకకు జాగ చేస్తయి. నీ కాడ అవి ఇంకా క్రిములతోటి కొట్లాడుతనే ఉన్నయి. ఇగ ఎముక ఎట్ల అతుకుతది?"

రాడ్డు తీసి, కడిగి, మళ్లీ వేయాలన్నాడు. ఆలస్యమైతే కాలు దక్కదన్నాడు. చిన్నమ్మ కర్ర ఊతంగా బయటికొచ్చింది.

బెంచీ మీద జహీరున్నీసా జరిగి చోటిచ్చింది. ఆమె పెబ్బేరులో గాజులమ్ముతుంది. బస్సు మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఏడు నెలల కింద ఈ బెంచీ మీదే ఇద్దరికీ పరిచయం. ప్రతి గురువారం చిన్నమ్మ వచ్చేసరికి ఆమె ఉంటుంది, చిన్నమ్మ వెళ్లేటప్పటికీ ఉంటుంది. అడిగితే తన చీటీ నంబరు ఇంకా పిలవలేదంటుంది. తెచ్చిన జొన్నరొట్టె సగం విరిచి చిన్నమ్మ చేతిలో పెడుతుంది.

బిజినేపల్లిలో చిన్నమ్మ తలుపు తట్టేవారు లేరు. భర్త పోయాడు, పిల్లలు కలగలేదు. కాలు విరిగాక పల్లిచేను కౌలుకిచ్చింది. మిగిలిన ఆరు రోజులూ ఆమె మాట్లాడేది కురుమూర్తి స్వామి పటంతోనే. స్వామి అన్నీ వింటాడు. తిన్నవా అని మాత్రం అడగడు.

"నీ కర్రకు రబ్బరు అరగనే లేదేందక్కా? నాది రెండుసార్లు మార్పిచ్చిన," అంది చిన్నమ్మ ఊరికే, అసలు మాట చెప్పలేక.

"నేనేమన్న నీలెక్క కౌలుకిచ్చిన చేను చుట్టు తిరుగుతనా? ఏమన్నడు డాక్టరు?"

"మల్ల కోస్తడంట. నేను చేయించుకోను. కోసినంక లేవకపోతే చూసేటోల్లెవరు?"

జహీరున్నీసా కొంగు అంచు మడతపెట్టింది.

"నాకు గూడ గదే రోగమన్నరు చెల్లె. వచ్చే గురువారం నాది. నువ్వు ముందుగాల చేయించుకుంటే నాకు జర ధైర్యమొస్తది."

"నిజమా? దేవుని మీద ఒట్టెయ్యి."

"ఒట్టెందుకు, ఆయన వింటనే ఉన్నడు గదా."

ఆ సాయంత్రం చిన్నమ్మ పటం ముందు దీపం పెట్టి చాలాసేపు నిలబడింది. కాలు విరగ్గొట్టింది ఎందుకు, అదే రోగమున్న మనిషిని తెచ్చి పక్కన కూర్చోబెట్టింది ఎందుకు అని అడిగింది. సోమవారం సంచీ సర్దుకుంది.

అనుకున్నట్టే వనపర్తి బస్టాండులో జహీరున్నీసా కర్ర పట్టుకొని ఎదురుచూస్తోంది. ఇద్దరూ ఒకే ఆటోలో దవాఖానకు వచ్చారు. మెట్లెక్కేటప్పుడు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. వార్డులో కిటికీ పక్క మంచమిచ్చారు. నర్సు ఒప్పుదల కాగితం పెడితే చిన్నమ్మ జహీరున్నీసా వైపు చూసింది.

"అక్క గూడ చేయించుకుంటది, గందుకే పెడుతున్న," అని నర్సుకు చెప్పి సంతకం చేసింది.

పక్క స్టూలు మీద జహీరున్నీసా తల వంచుకుంది.

"పాత ఎక్స్‌రేలు ఏవమ్మా? సారు అవి చూసినంకనే కోస్తడు," అంది నర్సు.

చిన్నమ్మ సంచీ తడిమింది. కవరు ఆటో సీటు మీదే ఉండిపోయింది.

"ఎట్లనే అక్కా?" అంటూ తిరిగి చూస్తే పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

కిటికీలోంచి చూసింది. గిరాకీ కోసం ఇంతసేపు ఆగిన తమ ఆటో గేటు దాటుతోంది. దాని వెనక ఒకామె, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఆగమని కేకేస్తూ ఉరుకుతోంది.

కర్ర నేలకు తగలకుండా ఆమె చంకలో ఉంది.