తోపుడు బండి

"నీది కారు కాదే, తోపుడు బండి!" అంది వదిన, తన ఎర్ర కారు తలుపు తీస్తూ. "నాదీ నలభై ఏళ్ళదే. లీటరుకి పదిహేను ఇస్తుంది. తాళం తిప్పితే చాలు."

"అయితే వీధి చివరి గడియారం దాకా పందెం!" అంటూ మరదలు తన ఆకుపచ్చ కారెక్కింది.

ఎర్ర కారు రయ్యిమని దూసుకుపోయి, నిమిషంలో గడియారం కింద ఆగింది. వదిన దర్జాగా దిగింది. శభాష్ అనడానికి అక్కడ నరమానవుడు లేడు.

అల్లంత దూరాన ఆకుపచ్చ కారు మొరాయిస్తోంది. దర్జీ మెడలో టేపుతోనే వచ్చి తోస్తున్నాడు. పక్కనే సెలూన్ ఆయన, ఆయన వెనకాల చెంపల నిండా నురగతో సగం గడ్డం మనిషి. ఇంజను గుర్రుమనగానే అందరూ కేకలేస్తూ దొరికిన సందులోకల్లా ఎక్కేశారు.

గడియారం దగ్గరికొచ్చేసరికి కారులో ఏడుగురు. ఏడుగురూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"నేనే గెలిచాను!" అంది వదిన. ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు.

ఇన్నేళ్ళలో తన కారును ఎవరూ తోయలేదు. ఎవరూ ఎక్కనూ లేదు.

వదిన గబగబా బానెట్ ఎత్తి, దించింది. "అయ్యో, నాదీ కదలనంటోంది! అందరూ కాస్త చెయ్యి వెయ్యరూ?"

మరదలు కళ్ళు చిట్లించింది. "వదినా, నీ చేతిలో ఆ బ్యాటరీ వైరేంటి?"

"నోర్మూసుకుని తొయ్యవే!"