పెద్దక్షరాల కీర్తనలు

జయానందం సార్ వరండాలో కూర్చుని కీర్తన చదువుతున్నాడు.

గొంతులో తడబాటు లేదు. పుస్తకం మాత్రం తలకిందులుగా ఉంది.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న భార్య ఎలిశిబా అది చూసింది. చాట పక్కన పెట్టేసింది.

షుగరు ఆయన కళ్లను కొరుక్కు తింటోంది. కనిపిస్తుందా అని అడిగితే చాలు, "మస్తు కనవడుతుంది" అంటాడు. బడిలో అంతమందికి చదువు చెప్పినవాడు, ఆదివారం చర్చిలో వాక్యం చదివినవాడు, కనబడటం లేదని ఎలా ఒప్పుకుంటాడు?

పైగా కీర్తనలన్నీ ఆయనకు నోటికి వచ్చు. చూసి చదువుతున్నాడో, చూడకుండా అప్పజెప్తున్నాడో కట్టుకున్న పెళ్లానికి కూడా తెలియదు.

"అక్షరాలు బాగా పెద్దగ ఉంటే కనవడొచ్చమ్మా," అన్నాడు కళ్ల డాక్టరు. "ఖాయంగ చెప్పలేను."

బజార్లో దొరికే పెద్దక్షరాల బైబిలు ఆ కళ్లకు చాలలేదు. అప్పుడు కోడలు ఫేబ లాప్‌టాప్ తెరిచింది. ఉచితంగా దొరికే బైబిలు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట. అందులోని వాక్యాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, ఎంత పెద్దగానైనా అచ్చు వేసుకోవచ్చు.

"ఎవరు జేసిండ్రే గిది?" అంది ఎలిశిబా.

"ఎవరెవరో అత్తమ్మా. టైప్ చేసినోళ్లు కొందరు, తప్పులు దిద్దినోళ్లు కొందరు. అందరి కోసం ఊకెనే ఇచ్చిండ్రు."

ముక్కూ మొహం తెలియని ఆ మనుషుల కోసం ఎలిశిబా అక్కడికక్కడే కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. పేర్లు తెలియవు కాబట్టి, పేర్లు తెలిసినవాడికే అప్పగించింది.

రాందాస్ చౌరస్తా దగ్గర ప్రెస్ నడిపే కౌసల్య ఒకప్పుడు సార్ దగ్గర చదువుకున్నదే. పెళ్లిళ్ల సీజన్‌లో ఊపిరాడని పని. అయినా కాదనలేదు.

ఫేబ ఇచ్చిన వాక్యం ఆమె కంప్యూటర్‌లో మొదట అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలై కూర్చుంది. ఫాంటు మారిస్తే అక్షరాలు వచ్చాయి. సైజు పెంచేసరికి పై వరుస ఒత్తులు వచ్చి కింది వరుస తలకట్ల మీద పడ్డాయి.

"ఇట్లనే కానియ్యరాదా?" అంది ఫేబ.

"నాకు ఒత్తులు నేర్పిందే సార్. ఆయన పుస్తకంల ఒత్తు చెడితే నాకు బువ్వ దిగుతదా?"

వరుసల మధ్య ఎడం పెంచుతూ, మళ్లీ మళ్లీ చూసుకుంటూ, చివరికి చిన్న కీర్తన ఒకటి పెద్ద కాగితం మీద అచ్చు తీసి, నమూనాగా తనే ఇంటికి తెచ్చింది.

ఫేబ కాగితాన్ని సరిగ్గా తిప్పి మామ చేతిలో పెట్టింది.

సార్ గొంతు సవరించుకున్నాడు. చదివాడు. ఒక్క మాట పొల్లు పోలేదు.

కౌసల్య మొహం చాటంత అయింది. ఎలిశిబా మాత్రం కొంగు నలుపుతూ నిలబడింది. ఇదంతా ఆయనకు కంఠతా వచ్చిందే. ఇంతమంది కష్టం, ఈ పిల్ల కష్టం వృథా పోయిందేమో.

కీర్తన అయిపోయింది.

సార్ ఆగలేదు. కాగితాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. అడుగున వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కున్నాడు.

"బం... ధు... మి... త్రుల... అభినందనలతో."

"గిది ఏ కీర్తనల ఉన్నదమ్మా?" అన్నాడు కనుబొమలు ముడిచి.

కౌసల్య నాలుక కరుచుకుంది. "అయ్యో సార్! లగ్గం పత్రిక పేజీలనే వాక్యం పోసిన. కింద లైను తీసుడు మర్చిపోయిన, వాక్యంతోపాటు అది గూడ పెద్దగైంది. మాఫ్ జేయుండ్రి, ఇప్పుడే పోయి మార్చుకొస్త."

ఆమె కాగితం అందుకోబోయింది. ఎలిశిబా ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నీ కడుపు సల్లగుండ, వద్దు."

ఆమె నవ్వుతోంది. చెంపలు తడిసిపోతున్నాయి. కౌసల్యకు ఏమీ అర్థం కాలేదు.

"ఇంకొక్కసారి చదువుండ్రి," అంది ఎలిశిబా భర్తతో.

"కీర్తనా?"

"కీర్తన గాదు. కింద లైను."