అందరినీ అడిగే ప్రశ్న

“ప్రెగ్నెంట్ కాదు కదా?” ఎక్స్‌రే తీసే ఆవిడ కాగితంలోంచి తలెత్తకుండానే అడిగింది.

సైకిలు మీంచి పడి, మెడ కింద ఎముక వాచిపోయి నించున్న నా కూతురు తెల్లబోయింది.

“నిజం చెప్పవే! ఏమైనా ఉందా?” అని దాని మీద పడ్డాను. అది నోరు తెరిచేలోపే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “ఎక్స్‌రే ఆపమ్మా. ముందు కడుపు స్కానింగ్ తియ్యండి.”

“ఎముకకి దెబ్బ తగిలితే కడుపు స్కానింగ్ ఎందుకండీ? స్కానింగ్ అంటే శబ్దంతో చూడటం, దాంతో భయం లేదు. ఎక్స్‌రే కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయి, కడుపులో బిడ్డ ఉంటే మంచిది కాదు. అందుకే ఆడవాళ్ళందరినీ అడుగుతాం. మీరొచ్చినా అడుగుతాం.”

“ఈ వయసులో నన్నా!” అని నవ్వబోయాను.

నా కూతురు నవ్వలేదు. “ఆవిడకి నేనెవరో తెలీదు, అడిగింది. నీకు కూడా తెలీదా అమ్మా?”



“మెడలో గొలుసు తీసెయ్యాలి, ఫొటోకి అడ్డొస్తుంది” అంది ఆవిడ.

ఆ గొలుసు కొక్కెం చిన్నప్పట్నుంచీ నేను తీసేదే. చెయ్యి చాపాను.

నా కూతురు ఆవిడ వైపు వీపు తిప్పి, మెడ వంచింది.